టెలెస్ఫోర్ బొటనవేలు

టెలెస్ఫోర్ గ్రియేగో బొటనవేలు ఎత్తితే తప్ప మా వరసలో ఏ బెలూనూ నేల వదిలేది కాదు. ముప్పై ఒక్క అక్టోబర్లు అదే వేలు. మనిషి పెద్ద పొడగరి కాదు, గొప్పవాడూ కాదు. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన మాట పిల్లి కూడా వినదని వాళ్ళావిడ ఎర్మిండా అంటుంది. కానీ బెలూన్ల పండగ జరిగే ఆ తొమ్మిది రోజులూ నలుపు తెలుపు చారల చొక్కా తొడిగి, మెడలో ఈల వేసుకుని మైదానంలోకి దిగాడంటే, ఎంత కోటీశ్వరుడైన పైలట్ అయినా బుట్టలో నిలబడి ఆయన చేతి వంక చూస్తూ ఉండాల్సిందే. ఈ చారల చొక్కాల వల్లే జనం మమ్మల్ని జీబ్రాలంటారు.

మమ్మల్ని అన్నాను కదా, నేనూ ఒక జీబ్రానే. ఓర్లిండా తఫోయా. ముప్పై రెండేళ్ళు స్కూలు వంటశాలలో బీన్స్ ఉడకబెట్టాను, పందొమ్మిదేళ్ళుగా టెలెస్ఫోర్‌కి జతగా ఆ వరసలో నిలబడుతున్నాను. మా అమ్మాయి బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకున్నది ఆయనే. ఆ రోజు నుంచి నాకు ఆయన కొంపాద్రె, ఆయనకి నేను కొమాద్రె. మా లోయలో ఈ చుట్టరికం రక్తసంబంధం కంటే గట్టిది. రక్తసంబంధం మన చేతిలో లేదు, దీన్ని మనమే కోరి తెచ్చుకుంటాం.

పని చెప్పుకుంటే చిన్నదే. బెలూన్ పైలట్‌కి నాలుగు దిక్కులూ కనబడతాయి కానీ తన నెత్తిమీద ఏముందో కనబడదు. ఏడంతస్తుల గుడ్డ అడ్డం. ఆ గుడ్డకి పైనున్నవాడి బుట్ట తగిలి చిరిగిందంటే ఇక దేవుడే దిక్కు. అందుకని కింద ఒకడు నిలబడి, తలెత్తి చూసి, ఖాళీగా ఉంటే బొటనవేలు ఎత్తాలి. మామూలు ఊళ్ళో అయితే ఇది అంత కష్టం కాదు, లేచిన బెలూన్లు గాలివాటాన అటే పోతాయి. మా ఊరి గాలి అలా కాదు. నేలకి దగ్గరగా దక్షిణానికి వీస్తుంది, పైకి వెళ్తే ఉత్తరానికి. తెలివైన పైలట్ కింద గాలిలో పోయి, పైగాలి పట్టుకుని, బయల్దేరిన చోటికే తిరిగొస్తాడు. ఈ గాలి కోసమే ఎక్కడెక్కడి వాళ్ళూ ఈ ఎడారికి వస్తారు. నాకు మాత్రం దానివల్ల మిగిలింది మెడనొప్పి.

కోడి కూడా లేవకముందే లేవడం, చలికి కొంకర్లు పోవడం, గ్యాసు మంటల చప్పుడులో గొంతు చించుకోవడం, పసిపిల్లలని తోపుడుబండ్లలో తాళ్ళ మధ్యకి తోసుకొచ్చే తల్లిదండ్రులని బతిమాలడం, ఇదీ నా వాటా. మా పండగలో జనం కంచె అవతల ఉండరు, బెలూన్ల మధ్యనే తిరుగుతారు. నేను జనాన్ని తప్పించేదాన్ని, ఆయన ఆకాశాన్ని చూసేవాడు. పదిహేడేళ్ళు అలాగే గడిచింది.

రెండేళ్ళ క్రితం ఒక ఉదయం ఆయన వేలు ఎత్తబోతుంటే నేను యథాలాపంగా తల పైకెత్తాను. సరిగ్గా మా నెత్తిమీద ఒక నీలం బెలూన్ ఉంది. ఇల్లంత ఉంది. వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని లాగాను. వేలు ఆగింది. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు, మళ్ళీ పైకి చూశాడు, తలంతా వెనక్కి వంచి చాలాసేపు చూశాడు. "ఆఁ," అన్నాడు. అంతే.

అది నీటికాసులనే కంటిజబ్బని నాకు అప్పుడు తెలియదు. అది ముందు పైచూపుని తినేస్తుందట. ఎదురుగా ఉన్న మనిషి ముఖం, పేపర్లో అక్షరం అన్నీ కనబడతాయి. పైన ఉన్నదే మాయమవుతుంది.

మర్నాడు నేను ఆయన వెనక నిలబడ్డాను. జనాన్ని తప్పించి, తలెత్తి చూసి, ఖాళీ అనుకున్నాక ఆయన కుడి భుజం మీద రెండుసార్లు తట్టాను. వేలు లేచింది. అప్పటి నుంచి ప్రతి బెలూన్‌కీ అదే. నేను రెండుసార్లు తడితే ఆయన వేలు లేస్తుంది. దాని గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. మాట్లాడితే ఆ చొక్కా విప్పాల్సి వస్తుందని ఆయనకి భయం. విప్పమని చెప్పాల్సి వస్తుందని నాకు భయం. ఆ చొక్కా లేకపోతే ఆ మనిషిలో ఏం మిగులుతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చూసీ చూడనట్టు ఊరుకోవడం అంటారే, నేను అంతకంటే ఘోరం చేశాను. ఆయన బదులు చూసిపెట్టి ఊరుకున్నాను.

ఈ ఏడు నాకు అరవై నాలుగు, ఆయనకి డెబ్బై రెండు. ఇప్పుడు బండి నడపడం కూడా మానేశాడు. "పెట్రోలు దండగ, ఎలాగూ నువ్వు అటే వెళ్తున్నావుగా కొమాద్రె," అంటాడు. నా పికప్‌లోనే తీసుకెళ్ళేదాన్ని. దారిలో ఇద్దరం కాఫీ తాగుతూ మోకాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. కళ్ళ గురించి కాదు.

గురువారం. ఆరో రోజు. ఆ రోజుకి నా పాదాలు నావిగా లేవు. మా వరసలో పసుపుపచ్చ బెలూన్ ఒకటి నిండుగా నిలబడింది, బుట్టలో లూసియానా నుంచి వచ్చిన భార్యాభర్తలు. అంతలో తాడు పక్కన ఒక ముసలాయన సెల్‌ఫోన్ పైకి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ నేరుగా బుట్ట మీదకి వస్తున్నాడు.

"అయ్యా, ఆగండి! ఎక్కడికండీ ఆ వెనక నడక? మీకు వీపున కళ్ళున్నాయా?" అని అరుస్తూ అటు పరిగెత్తాను. అదే నేను చేసిన పని. అతన్ని పట్టుకుని పక్కకి లాగి వెనక్కి తిరిగి చూసేసరికి, కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఒక లావుపాటి మనిషి టెలెస్ఫోర్ దగ్గర నిలబడి ఉన్నాడు. సరదా మనిషి. చేతిలో కాఫీ కప్పు. జీబ్రాలంటే జనానికి ముచ్చట, ఫొటోలు దిగుతారు, మెచ్చుకుంటారు. "భలే చేస్తున్నావు పెద్దాయనా!" అని టెలెస్ఫోర్ కుడి భుజం మీద తట్టాడు. రెండుసార్లు. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

వేలు లేచింది.

నేను పైకి చూశాను. ఎరుపూ ఆకుపచ్చా చారల బెలూన్ ఒకటి పైగాలిలో తిరిగొచ్చి కిందికి దిగుతోంది. నేను వేసిన కేక మంటల హోరులో కలిసిపోయింది. పసుపు బెలూన్ లేచింది. పైవాడు చివరి క్షణంలో చూశాడు కాబోలు, మంట పెద్దది చేసి ఎగబాకాడు. అయినా అతని బుట్ట అడుగు పసుపు గుడ్డ నెత్తిమీద రాసుకుంటూ పోయింది. మూరెడు చిరుగు. కిందివాళ్ళు గాలి వదిలేసి దబ్బున నేలకి దిగారు. ఆ ఇల్లాలు నాలుక కరుచుకుంది. నోటినిండా రక్తం, అంతే. అంతకంటే ఏం కాలేదు. కాకపోవడం మా గొప్ప కాదు.

విచారణకి పెద్దగా ఏమీ పట్టలేదు. మార్లిస్ ఆస్ట్రాండర్ అని భద్రత చూసే ఆవిడ, పొడుగాటి మనిషి, రెండు డేరాల మధ్య నిలబెట్టే అడిగింది.

"టెలెస్ఫోర్, వేలెత్తే ముందు పైన చూశావా?"

"చూశాను."

"ఖాళీగా ఉందా?"

"ఉంది."

నేను పక్కనే ఉన్నాను. నా నోరు పెగల్లేదు. ఎరుపూ ఆకుపచ్చా బెలూన్‌ది నెబ్రాస్కా మనిషి, కర్టిస్ వాండెవోర్ట్. ఇక్కడికి పిలుపు కోసం ఎనిమిదేళ్ళు దరఖాస్తు పెట్టుకుని ఈ ఏడే వచ్చాడు. "అమ్మా, ఆయన వేలెత్తేటప్పటికే నేను ఆయన నెత్తిమీద ఉన్నాను," అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళ జీబ్రా మాట ముందు తొలి ఏడాది వచ్చినవాడి మాట ఎవరు వింటారు? పైగా రూలు కూడా అతనికి ఎదురే: ఇద్దరు పైనా కిందా ఉంటే తప్పుకోవాల్సింది పైవాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా అతని మీద పడింది. మర్నాడు ఉదయం పైలట్లందరి ముందూ ప్రకటిస్తామనీ, ఆ తర్వాత సామాను సర్దుకోవచ్చనీ మార్లిస్ చెప్పింది. ఇక అతన్ని ఎప్పటికీ పిలవరు.

ఆయన్ని వాళ్ళ వాకిట్లో దింపి మా ఇంటికి పోయి మంచం మీద పడ్డాను. నిద్ర రాలేదు. నా కొంపాద్రె, నా బిడ్డని జ్ఞానస్నానానికి ఎత్తుకున్న మనిషి, చొక్కా కోసం ఒక అమాయకుణ్ణి బలిపెట్టాడు. పట్టపగలు అందరి ముందూ అబద్ధమాడాడు. మధ్యాహ్నం మూడింటికి బూట్లు తొడుక్కుని మళ్ళీ బయల్దేరాను.

ఎర్మిండా వంటింట్లో కాల్చిన పచ్చిమిరపకాయల తొక్కు తీస్తోంది. ఇల్లంతా ఆ ఘాటు. టెలెస్ఫోర్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, ముందు బీన్స్ గిన్నె చల్లారిపోయి ఉంది.

"కూర్చో కొమాద్రె," అంది ఎర్మిండా. "మీ జీబ్రాగారు పొద్దుట్నుంచి ముద్ద ముట్టలేదు. కాస్త నువ్వైనా చెప్పు."

"నేను తిండి గురించి చెప్పడానికి రాలేదు," అన్నాను. "ఎందుకు అబద్ధం ఆడావు కొంపాద్రె?"

ఆయన తలెత్తలేదు. "మరేం చెప్పమంటావ్?"

"నిజం చెప్పాలి. నీకు కనబడలేదని చెప్పాలి. ఆ నెబ్రాస్కావాడు ఎనిమిదేళ్ళు ఎదురుచూశాడయ్యా! నీ చొక్కా ఉంటే చాలా? వాడు ఏమైపోయినా ఫరవాలేదా?"

"చొక్కానా?" ఇప్పుడు తలెత్తాడు. ముఖం జేవురించింది. "చొక్కా కోసమా నేను ఆ మాట అంది? నా కొమాద్రె తట్టింది, నేను ఎత్తాను అని చెప్పమంటావా ఆ మార్లిస్‌కి? నిన్ను నలుగురిలో నిలబెట్టమంటావా? పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి పొరపాటు పడ్డావు, ఆరు రోజులుగా నిద్ర లేదు నీకు, నాకు తెలుసు. చూశానన్నాను. అది నా నెత్తినే పడుతుందిలే అనుకున్నా. ఆ కుర్రాడి మీదకి తిప్పుతారని నేను కలగన్నానా?"

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నేను తట్టలేదు," అన్నాను.

"రెండుసార్లు తట్టావు. కుడి భుజం."

"నేను అక్కడ లేనయ్యా! సెల్‌ఫోన్ ముసలాయన వెనక పరిగెత్తాను. నిన్ను తట్టింది ఒక టోపీవాడు. భలే చేస్తున్నావు పెద్దాయనా అన్నాడు, తట్టాడు, పోయాడు. నా కళ్ళారా చూశాను."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"భలే చేస్తున్నాననా?" అన్నాడు.

"అవును."

"మంట చప్పుడులో నాకు ఏం వినబడుద్ది." కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. "నీ చెయ్యే అనుకున్నా. రెండేళ్ళుగా నీ చెయ్యి నాకు తెలుసనుకున్నానే."

ఎర్మిండా చేతుల్లో మిరపకాయ అలాగే ఉంది. "ఏ చెయ్యి? ఏం రెండేళ్ళు?" అంది. ఆవిడ తెలివిగలది, ఆయన పట్టుకున్న భుజం చూసే అంతా అర్థం చేసుకుంది. "నాలుగేళ్ళ క్రితం డాక్టరు చెప్పినప్పుడు నాకేం చెప్పావయ్యా? ఇక జనాన్ని తప్పించే పని మాత్రమే చేస్తాను, పైన చూసేది ఓర్లిండానే అన్నావు. నేను నమ్మాను, కనికట్టు చేసినట్టు నమ్మించావు. ఇద్దరూ కలిసి గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నారన్న మాట. ఏం ఓర్లిండా, నీ బుద్ధి ఏమైంది? నిన్ను చూసే కదా నేను నిశ్చింతగా పడుకున్నది!"

మిరపకాయల ఘాటుకి కళ్ళు మండుతున్నాయని చెప్పి తుడుచుకున్నాను. ఎర్మిండా నమ్మలేదు.

టెలెస్ఫోర్ లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఎర్మిండా పొద్దున్నే ఉతికి తీగ మీద ఆరేసిన రెండో చారల చొక్కా తీసుకొచ్చి, బల్ల మీద పరిచి, బస్సు డ్రైవరు యూనిఫాం మడిచినట్టు నాలుగు మడతలు వేశాడు. ఒంటి మీదున్నదీ విప్పి దానిమీద పెట్టాడు. బనీనుతో నిలబడితే చాలా ముసలివాడిలా కనబడ్డాడు.

"పద, బండి తియ్యి," అన్నాడు.

మార్లిస్ ఆఫీసు డేరాలో కూర్చుని కాగితాలు చూస్తోంది. టెలెస్ఫోర్ మడత చొక్కాలు ఆవిడ ముందు పెట్టి మొత్తం చెప్పాడు, డాక్టరు దగ్గర నుంచి టోపీవాడి దాకా. నీళ్ళు నమలలేదు, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. కానీ ఒకచోట మాత్రం వంకర తిరిగాడు.

"ఈవిడకి ఏం తెలియదు. నేను తట్టమంటే తట్టేది. జనం తప్పుకున్నారని చెప్పడానికి అనుకునేది," అన్నాడు.

మార్లిస్ ఆ చొక్కాలని తన వైపుకి లాక్కుంది. తర్వాత నా వంక తిరిగి, "అయితే ఓర్లిండా, రేపటి నుంచి ఆ వరస నువ్వు తీసుకోవాలి. వేరే మనిషి లేరు," అంది.

చూశారా, ఎంత తేలిక. నోరు మూసుకుంటే చాలు. బొటనవేలు నాది. పందొమ్మిదేళ్ళు జనాన్ని అదిలించినదాన్ని, ఒక్కసారైనా ఆ వేలు నాది కావాలని కోరుకోలేదంటే అబద్ధమే.

"నాకు తెలుసు," అన్నాను. "రెండేళ్ళుగా తెలుసు. పైన చూసింది నేనే. ఆయన చూపు లేదని తెలిసే తట్టాను."

"ఓర్లిండా!" అన్నాడు టెలెస్ఫోర్.

దీన్ని నిజాయితీ అనకండి. ఎర్మిండా కూడా అదే అంది, నాకు ఒళ్ళు మండింది. అది అలసట. రెండేళ్ళు ఇద్దరి చూపూ నేనొక్కదాన్నే చూసి చూసి అలిసిపోయాను. మూడో ఏడు చూడలేను.

మార్లిస్ నా చొక్కా కూడా అడిగింది. లోపల స్వెటర్ ఉంది కాబట్టి అక్కడే విప్పి ఇచ్చాను. ఈల కూడా. కర్టిస్‌ని పిలిపించి, అతని మీద ఏమీ లేదనీ, ఆదివారం దాకా ఎగరొచ్చనీ చెప్పింది. అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. టెలెస్ఫోర్ చెయ్యి చాచాడు. అతను పట్టుకోలేదు.

"మీరు చూస్తారనే కదండీ మేం పైకి లేచేది," అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. అరిస్తే బాగుండేది. టెలెస్ఫోర్ చెయ్యి కొంచెంసేపు అలాగే ఉండి కిందికి దిగింది.

శుక్రవారం, శనివారం నేను పది గంటల దాకా పడుకున్నాను. ఎన్నేళ్ళ నిద్రో. లేచినా బడలిక తీరలేదు. ఆదివారం, పండగ ఆఖరి రోజు, చీకటితోనే తలుపు చప్పుడైంది. టెలెస్ఫోర్. మా ఇంటి దాకా మైలున్నర నడిచి వచ్చాడు.

"నెబ్రాస్కావాడు ఈ రోజు ఎగురుతాడు," అన్నాడు. "వెళ్దాం."

"దేనికి? మళ్ళీ తల దించుకోవడానికా?"

"వెళ్దాం కొమాద్రె."

ఇద్దరం టికెట్ వరసలో నిలబడ్డాం, జనంలో జనంలాగా. మాకు ఆ వరస ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు, ఎప్పుడూ వెనక గేటులోంచే పోయేవాళ్ళం. కాగితం కప్పుల్లో కాఫీ కొనుక్కున్నాం. కొందరు జీబ్రాలు మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు, కొందరు చూడనట్టు పోయారు. మా వరసలో ఒక పిల్ల నిలబడి ఉంది, ముప్పై ఏళ్ళుంటాయేమో. చొక్కాకి ఇంకా ఇస్త్రీ మడత పోలేదు. పర్వాలేదు, గొంతు ఉంది దానికి. ఒకడు తాడు దాటితే అదిలించిన తీరు చూసి నాకు నచ్చింది.

కర్టిస్ బెలూన్ నిండింది. ఎరుపూ ఆకుపచ్చా చారలు సాండియా కొండ మీద నుంచి వచ్చే మొదటి ఎండకి వెలిగాయి. అతను బుట్టలో నిలబడి ఆ పిల్ల చేతి వంక చూస్తున్నాడు. మమ్మల్ని చూశాడో లేదో తెలియదు. మేం తాడుకి ఇరవై అడుగుల దూరంలో, అందరూ నిలబడే చోటే నిలబడ్డాం. టెలెస్ఫోర్ తన కప్పు నాకు ఇచ్చి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"పైన ఏముంది?" అన్నాడు నెమ్మదిగా.

తలెత్తాను. మెడ కలుక్కుమంది. ఉత్తరాన మూడున్నాయి, దూరంగా. మా నెత్తిమీద ఏమీ లేదు, వట్టి నీలం. కప్పులు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, అలవాటు చొప్పున ఆయన కుడి భుజం మీద రెండుసార్లు తట్టాను.

ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

అక్కడ ఆ పిల్ల బొటనవేలు ఎత్తింది. కర్టిస్ నేల వదిలాడు. జనం చప్పట్లు కొట్టారు. టెలెస్ఫోర్ మాత్రం బెలూన్ వంక చూడకుండా నా వైపు తల తిప్పి, కనబడుతున్న ముఖాన్నే కాసేపు చూశాడు.

"తట్టింది ఎవరు?" అన్నాడు.

"నేనే," అన్నాను.